గోల్‌కీపరుగా నిలబడిన ఫ్రిజ్

ఆ ఉదయం మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఇళ్ళ సామాన్లు ఎక్కించాలి, ఇంకో ఇంట్లో దించాలి, మధ్యలో ఫుట్‌బాల్ గురించి నోరు విప్పకూడదు. మొదటి రెండూ ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే కంపెనీలో చాలాకాలంగా పనిచేస్తున్నాడు. బీరువాను ఒకసారి చూస్తే అది ఏ మెట్ల మలుపులో ఇరుక్కుంటుందో చెప్పేయగలడు. మూడోదే కష్టం.

ముందురోజు ఓనరు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు. ఓనరు కూర్చోమన్నాడంటే మంచి మాట కాదని కంపెనీలో అందరికీ తెలుసు.

"మేస్త్రీ, నీ పని మీద నాకు అనుమానం లేదు. నీ కాలు మీదే అనుమానం. ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందంటే లారీ దిగి గోడౌన్‌లో కూర్చుంటావు. రేపు నువ్వెళ్ళే ఇంటివాళ్ళకి సాయంత్రం నేనే ఫోన్ చేసి కనుక్కుంటా."

అంతకుముందు వచ్చిన కంప్లైంట్లు రెండు. ఎనభై ఎనిమిది యూరో కప్ ఫైనల్లో మైదానం అంచు నుంచి, గోల్‌పోస్టు సరిగ్గా కనిపించని కోణంలో, గాల్లో ఉన్న బంతిని ఉన్నపళంగా కొట్టిన గోల్ ఒకటుంది. అలా కొట్టడం ఎలా సాధ్యమైందో వివరించబోయి మేస్త్రీ ఒక డాక్టరుగారింట్లో సోఫా దిండును తన్నాడు. దిండుకు ఏమీ కాలేదు. పైన వేలాడుతున్న గాజు దీపం గురించి మాత్రం అలా చెప్పలేం. రెండోసారి, తొంభై ఎనిమిది ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఎక్కడో వెనకనుంచి వచ్చిన బంతిని కాలి వేళ్ళ మీద పువ్వులా దించుకున్న తీరు చూపిస్తానని, అటక మీద ఉన్న డబ్బాను కిందికి వదలమన్నాడు. అందులో దిండ్లున్నాయనుకున్నాడు. ఉన్నవి పింగాణీ ప్లేట్లు. ఆయన బొటనవేలికి కట్టు కట్టారు. ప్లేట్లకు కట్టే అవకాశం లేకపోయింది.

గోడౌన్ అంటే మేస్త్రీకి నిజంగా భయం. అక్కడ పైకప్పు దాకా సామాన్లే. కాలు చాపుకునే చోటుండదు. లారీ మీద తిరిగే ఉద్యోగంలో ఒక సుఖం ఉంది, దాన్ని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ప్రతి కొత్త ఇంట్లోనూ సామాన్లు లోపలికి వచ్చేముందు కాసేపు హాలు ఖాళీగా ఉంటుంది. నున్నటి నేల, అటు చివర ఒక తలుపు. ఇంటివాళ్ళకు అది బాల్కనీ తలుపు. మేస్త్రీకి గోల్‌పోస్టు. ఆ కాసేపటి కోసమే ఆయన మిగతా రోజంతా బీరువాలు మోసేవాడు.

లారీ నడిపేవాడు ఆయన బావమరిది. అక్కమొగుడి కింద పనిచేసేవాడు ఎంత వినయంగా ఉండాలో అంతకు సగం కూడా ఉండడు. ఆ ఉదయం లారీ మొదటి మలుపు తిరగకముందే మొదలుపెట్టాడు.

"బావా, ఒక మాట అడగనా?"

"ఫుట్‌బాల్ అయితే వద్దు."

"ఫుట్‌బాల్ కాదు, చరిత్ర. డెబ్బైలో ప్రపంచ కప్ ఫైనల్. ఆఖరి గోల్..."

"రోడ్డు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నా. ఈ రోజు నువ్వు నోరు తెరవనని అక్కకి మాటిచ్చావంట కదా. అందుకే మాట్లాడుతున్నా. మామూలు రోజుల్లో నన్ను మాట్లాడనిస్తావా?"

మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూశాడు. బావమరిది తాపీగా గేరు మార్చి తన వాదన మొదలుపెట్టాడు. "ఆ గోల్‌లో జట్టు జట్టంతా ఉంది బావా. ఒకడి దగ్గర్నుంచి ఒకడికి బంతి వచ్చింది. చివరికి పీలే దగ్గరికి చేరింది. ఆయన కంగారుపడ్డాడా? లేదు. కుడిపక్క ఎవరూ లేని చోటికి అలా దొర్లించాడంతే. వెనకాల్నుంచి కెప్టెన్ పరిగెత్తుకొచ్చి కొట్టాడు చూడు, గోల్‌కీపరు కదిలేలోపు అయిపోయింది. అదీ గోలంటే. నీ మారడోనా ఏం చేశాడు? పక్కవాడికి బంతివ్వడం చేతకాక ఒక్కడే పట్టుకుపోయాడు."

మేస్త్రీ ఎదురుగా ఉన్న ఇనప కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు. ఆ నిగ్రహానికి ఎవరైనా చప్పట్లు కొట్టాలి.

కొత్త ఇల్లు మూడో అంతస్తులో ఉంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే ఒకాయన కొత్తగా కొన్న ఫ్లాటు. ఇన్నాళ్ళూ ఆయన తల్లి ఒకచోట, ఆయనా భార్యా ఒకచోట ఉండేవారు. ఇకనుంచి ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండబోతున్నారు. రెండు ఇళ్ళ సామాన్లూ ఒకే లారీలో వచ్చాయి. తలుపు తీసింది తల్లిగారు, ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మేస్త్రీని కింద నుంచి పైదాకా చూసి, రోగం లేదని నిర్ధారించుకున్నాక మాట్లాడింది.

"చూడు బాబూ, ఏది ఎక్కడ పెట్టాలన్నది మా కోడలి ఇష్టం. నేను వేలు పెట్టను. వేలు పెట్టొద్దని మా అబ్బాయి మరీమరీ చెప్పాడు. మీరు అన్నీ హాల్లో దించండి. ఆఫీసులో సంతకం పెట్టేసి ఆ అమ్మాయి వస్తుంది. నేను పాత ఇంటి తాళాలు ఇచ్చేసి వస్తా."

ఆమె వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి భార్యకు కూడా విడిగా ఒక మాట చెప్పి ఉంచాడు. 'మా అమ్మ ఏం పెట్టినా, ఎక్కడ పెట్టినా, బాగుందను. నా కోసం.' ఈ సంగతి మేస్త్రీకి అప్పటికి తెలియదు. తెలిసుంటే ఆ రోజు ఇంకోలా గడిచేదేమో.

లారీలో వెంట వచ్చిన కూలీలిద్దరూ పెద్ద సామాన్లు పైకి చేర్చి, అట్టపెట్టెల కోసం కిందికి వెళ్ళారు. హాల్లో మేస్త్రీ, బావమరిది మిగిలారు. పొడవాటి హాలు. సామాన్లన్నీ ఇంకా గోడవారగానే ఉన్నాయి. అటు చివర బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. అందులోంచి వెలుతురు నేల మీద పరుచుకుంది.

బావమరిది గుమ్మానికి ఆనుకుని నిలబడి అటే చూశాడు. "మంచి హాలు బావా. మీ మారడోనా బంతి తెచ్చుకున్నంత దూరం ఉంటుందంటావా? అయినా అదంత పెద్ద దూరమేం కాదులే. ఎదురొచ్చినవాళ్ళు కూడా ఉత్త మట్టిబొమ్మలు. ఎవడైనా దాటేస్తాడు."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఓనరును తలుచుకున్నాడు, భార్యను తలుచుకున్నాడు. చివరికి గోడౌన్‌ను కూడా తలుచుకున్నాడు. ఆ తర్వాత కళ్ళు తెరిచి, చాలా మెల్లగా అన్నాడు.

"ఆ వాషింగ్ మెషిన్ పట్టు."

అంతే. కాసేపట్లో హాలు ఎనభై ఆరు ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ అయిపోయింది. వీధి గుమ్మం మైదానానికి మధ్య గీత. దానికి కాస్త ముందు ఒకపక్క చెప్పుల స్టాండు, ఒకపక్క వాషింగ్ మెషిన్. వాళ్ళిద్దరూ మొదట మీదికొచ్చిన ఆటగాళ్ళు. వాళ్ళ మధ్య మారడోనా బొంగరంలా తిరిగి బయటపడ్డాడు. ఇంకా ముందుకెళితే అద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబుల్, మొదటి డిఫెండరు. హాలుకు అడ్డంగా బట్టల బీరువా, రెండో డిఫెండరు. బాల్కనీ తలుపుకు ముందు, గోలు వదిలి బయటికొచ్చిన గోల్‌కీపరు స్థానంలో ఫ్రిజ్. సామాన్ల కింద పెట్టే చక్రాల పలక ఉంది కాబట్టి ఇదంతా పెద్ద కష్టం కాలేదు. సామాన్లకు చుట్టే బుడగల కవరును ఉండగా చుట్టి టేపు వేస్తే బంతి కూడా తయారైంది.

"మట్టిబొమ్మలన్నావు కదా. ఇదిగో ఈ డ్రెస్సింగ్ టేబుల్ చూడు. ఈయన్ని ఒకసారి దాటాడు. అక్కడితో ఊరుకున్నాడా ఈయన? మళ్ళీ వెనకాలే పరిగెత్తి, గోలు కొట్టే క్షణానికి కాలు అడ్డం పెట్టాడు. ఒకే మనిషిని రెండుసార్లు దాటడమంటే మాటలా? నువ్వు దీన్ని తోసుకుంటూ నా వెనకాలే రా."

"అద్దం జాగ్రత్త బావా."

"జాగ్రత్తగానే తోయి. కానీ పరిగెత్తు."

మేస్త్రీ గుమ్మం దగ్గర బంతి అందుకున్నాడు. స్టాండుకూ మెషిన్‌కూ మధ్య గిర్రున తిరిగాడు. వయసుకు మించిన తిరుగుడు అది, ఒక చెయ్యి గోడకు ఆనించాల్సి వచ్చింది. డ్రెస్సింగ్ టేబుల్‌ను దాటి, బీరువా పక్కనుంచి జారి, ఫ్రిజ్‌కు కుడివైపుగా వెళ్ళి బంతిని బాల్కనీలోకి తన్నాడు. సరిగ్గా ఆ క్షణానికే వెనకనుంచి చక్రాల మీద డ్రెస్సింగ్ టేబుల్ దూసుకొచ్చి, ఫ్రిజ్ పక్కన ఏటవాలుగా ఆగింది. అద్దం పగలలేదు. మేస్త్రీ రెండు చేతులూ పైకెత్తి గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది.

ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే అమ్మాయి. చేతిలో సంచి, చెవి దగ్గర ఫోను. ఫోను మెల్లగా కిందికి దించి హాలంతా చూసింది. మేస్త్రీ పైకెత్తిన చేతులతోనే, అటక ఎత్తు చూస్తున్నట్టు గాల్లో తడిమాడు.

"ఇవన్నీ ఇలా ఎవరు పెట్టమన్నారండీ?"

మేస్త్రీ చెవుల్లో గోడౌన్ షట్టరు దడాలున పడింది. అబద్ధం చెప్పే అలవాటు లేదాయనకు. నిజం చెప్పే ధైర్యమూ ఆ క్షణానికి లేదు. రెంటికీ మధ్య ఏదో ఒకటి వెతికి పట్టుకున్నాడు. "పెద్దమ్మగారు వచ్చి వెళ్ళారండి."

"ఓ," అంది కోడలు. ఒక్కొక్క సామానునూ చూస్తూ నడిచింది. చెప్పుల స్టాండు, పక్కనే వాషింగ్ మెషిన్. అర్థమైంది. నర్సుగారు కదా, బయటినుంచి వచ్చిన బట్టలతో ఇంట్లో అడుగు పెట్టకూడదన్నమాట. ముందు చెప్పులు, ఆ వెంటనే బట్టలు. బీరువా దాటింది. ఫ్రిజ్ దగ్గర ఆగింది. ఫ్రిజ్ తలుపు తీయడానికి చెయ్యి చాపితే పక్కన ఏటవాలుగా ఉన్న అద్దంలో తానే నిలువునా కనబడింది.

ముఖం ఎర్రబడింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడింది. తగ్గించిన గొంతు హాలంతా వినిపించింది.

"మీ అమ్మ ఫ్రిజ్ పక్కన నిలువుటద్దం పెట్టించింది... ఎందుకేంటి, తీసి తినేటప్పుడు నన్ను నేను చూసుకోడానికి... లేదు, ఏమీ అనను. బాగుందంటాను. మాటిచ్చాగా."

ఫోను పెట్టేసి వచ్చింది. "చాలా బాగుందండీ. ఇలాగే ఉంచండి. దేన్నీ కదపొద్దు."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక బావమరిది మెల్లగా దగ్గరికొచ్చాడు. "బావా, నువ్వు అబద్ధం చెప్పలేదు."

"లేదు."

"నిజం కూడా చెప్పలేదు."

"నోర్మూసుకుని ఆ ఫ్రిజ్ అటు పట్టు. ఆవిడ బయటికి వచ్చేలోపు వంటింటి పక్కకి జరిపేద్దాం."

ఇద్దరూ ఫ్రిజ్‌ను అటూ ఇటూ పట్టుకుని పైకి లేపారు. అదే సమయానికి పాత ఇంటి తాళాలు ఇచ్చేసి పెద్దావిడ తిరిగొచ్చింది. ఫ్రిజ్ మళ్ళీ గోల్‌కీపరు స్థానంలోనే కూర్చుంది.

"కోడలొచ్చిందా?"

"వచ్చారండి. లోపలున్నారు."

"ఇదంతా చూసిందా?"

"చూశారండి. ఇలాగే ఉంచమన్నారు. దేన్నీ కదపొద్దన్నారు." ఈసారి మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే అది మొదటిదానికంటే ఎక్కువ పాడుచేసింది.

పెద్దావిడ వార్డులో రౌండు తిరిగినట్టు హాలంతా తిరిగింది. హాలుకు అడ్డంగా బీరువా. అంటే ఇటు నీ వైపు, అటు నా వైపు అని సరిహద్దు గీయడమే. వంటింటికి ఆమడ దూరంలో ఫ్రిజ్. అంటే నువ్వు మాటిమాటికీ వంటింట్లోకి రావద్దని. గుమ్మంలోనే చెప్పుల స్టాండు. అంటే వచ్చిన దారి గుర్తుపెట్టుకోమని. ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. ఎంతోమంది డాక్టర్ల దగ్గర ముఖంలో ఏ భావమూ కనిపించకుండా నిలబడిన మనిషి ఆవిడ.

కోడలు వంటింట్లోంచి బయటికొచ్చింది. అత్తా కోడళ్ళు బీరువాకు అటొకరు, ఇటొకరు నిలబడి ఒకరినొకరు చూసి నవ్వారు. అలాంటి నవ్వుల్ని కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు పెట్టి చూపిస్తుంటారు.

"చాలా బాగుందమ్మా," అంది అత్త.

"మీకు నచ్చితే చాలత్తయ్యా."

"నాకు నచ్చడమేంటి, నీకు నచ్చాలి గానీ."

"నాకూ నచ్చిందండీ. ముఖ్యంగా ఆ అద్దం."

"నాకు ఈ బీరువా. ఎక్కడివాళ్ళం అక్కడుంటే ఏ ఇబ్బందీ ఉండదు."

మేస్త్రీ, బావమరిది ఇటు మాటకు ఇటు, అటు మాటకు అటు తలలు తిప్పుతూ చూశారు. మేస్త్రీ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ ఫ్రిజ్ కొంచెం..."

"అక్కడే ఉండనీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అక్కడినుంచి పని వేగం పుంజుకుంది. అత్తగారి ఏర్పాటు తనకు ఎంత నచ్చిందో చూపించడానికి కోడలు ఫ్రిజ్‌కు కరెంటు తీగ లాగించింది. కోడలి ఏర్పాటుకు తాను ఎంత సహకరిస్తున్నదో చూపించడానికి అత్తగారు చక్రాల పలక తీసేసి, డ్రెస్సింగ్ టేబుల్ కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టించి కదలకుండా చేయించింది. బీరువాను గోడకు మేకులతో బిగిస్తే పిల్లలెవరైనా వచ్చినా పడదని కోడలంది. అడ్డంగా ఉన్న బీరువాకు గోడ దొరకదు కాబట్టి నేలకే బిగించవచ్చని అత్తగారు సలహా ఇచ్చింది. ఒకరు ఒక మెట్టు ఎక్కితే మరొకరు రెండో మెట్టు. ఎవరికీ దిగే దారి కనిపించలేదు.

"బావా, చెప్పేయ్," అన్నాడు బావమరిది చెవిలో.

"చెప్తే కంప్లైంటు. కంప్లైంటంటే గోడౌను."

"చెప్పకపోతే బీరువా నేలలో పాతేస్తారు."

మేస్త్రీ ఆలోచనలో పడ్డాడు. ఇద్దరికీ నచ్చిందనే అంటున్నారు. సాయంత్రం ఓనరు ఫోన్ చేసినా అదే చెబుతారు. లారీ తనదే. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. అసలు పొద్దున వేసుకున్న పథకం కూడా అదే కదా. కానీ కోడలు అటు తిరిగినప్పుడల్లా అద్దంలోకి ఒకసారి చూసి కళ్ళు తిప్పుకోవడం, పెద్దావిడ బీరువా అవతల అట్టపెట్టె మీద ఒంటరిగా కూర్చుని తన సంచిని తానే సర్దుకోవడం ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయి. ఎన్నో ఇళ్ళ సామాన్లు దించాడాయన. దించిన రోజే మనసు విరిగిన ఇల్లు ఎప్పుడూ చూడలేదు.

ఇంతలో ప్లంబరు వచ్చాడు. కోడలే పిలిపించింది. గుమ్మం దగ్గర ఉన్న వాషింగ్ మెషిన్‌ను చూసి, బాత్రూము ఎంత దూరంలో ఉందో చూసి, మళ్ళీ మెషిన్‌ను చూశాడు.

"ఇక్కడికి నీళ్ళా మేడమ్?"

"ఇక్కడికే. మా అత్తయ్యకి ఇక్కడే కావాలి."

బీరువా అవతల అట్టపెట్టె మీది నుంచి ఒక తల పైకి లేచింది. ఏదో అనబోయి, కొడుక్కిచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ కిందికి దిగింది.

"అయితే నేల పగలగొట్టాలి," అన్నాడు ప్లంబరు. డ్రిల్లింగ్ మెషిన్ తీసి తీగ తగిలించాడు. కొత్త ఫ్లాటు. నేల మీది పలకల మీద కంపెనీ వాళ్ళు అంటించిన కాగితం కూడా ఇంకా ఊడలేదు.

సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళ షాపాయన ఇంట్లోకి వచ్చాడు. చెప్పుల స్టాండు తగిలి తూలి, వాషింగ్ మెషిన్‌ను కౌగిలించుకుని నిలదొక్కుకున్నాడు. హాలు చూశాడు. భార్య ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు. రోజూ ఎవరు ఏ కళ్ళజోడు పెట్టుకున్నా బాగుందనే మనిషి. వృత్తిధర్మం ప్రకారం గట్టిగా అన్నాడు.

"అబ్బ, ఎంత బాగుందో. ఎవరి ఐడియా ఇది?"

ఇంట్లో ఎవరూ అడగకూడని ప్రశ్న అదొక్కటే.

"అత్తయ్యదే," అంది కోడలు.

"కోడలిదే," అంది అత్త.

ప్లంబరు డ్రిల్లు నేలకు ఆనించి ఆగిపోయాడు. అందరి చూపులూ మెల్లగా ఒక్కొక్కటే తిరిగి, బాల్కనీ తలుపు దగ్గర టేపు చుట్టిన బుడగల ఉండను కాలితో వెనక్కి నెడుతున్న మేస్త్రీ మీద ఆగాయి.

"అమ్మా, మేడమ్, సార్," అన్నాడు మేస్త్రీ. "తప్పు నాది. మీ ఇద్దరిలో ఎవరూ ఏమీ పెట్టమనలేదు. ఇది మారడోనా గోలు."

"ఎవరాయన?" అంది పెద్దావిడ.

మేస్త్రీ చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. సొంత సగంలో బంతి అందుకున్న దగ్గర్నుంచి, తిరిగిన తిరుగుడు, పరుగు, గోల్‌కీపరును దాటిన పద్ధతి, అన్నీ సామాన్ల మధ్య నడుస్తూ చూపించాడు. బావమరిది కూడా మర్యాద కోసం అద్దం వెనక నిలబడ్డాడు.

"అంటే ఈ చెప్పుల స్టాండు?" అంది పెద్దావిడ, రోగి చరిత్ర అడిగే గొంతుతో.

"మొదట అడ్డమొచ్చిన మనిషండి."

"ఈ బీరువా సరిహద్దు కాదా?"

"కాదండి. రెండో డిఫెండరు. ఆయన కదిలేలోపే దాటేశాడు పాపం."

"ఈ అద్దం?" అంది కోడలు.

"వెనకాల్నుంచి వచ్చి కాలు పెట్టినాయనండి. రెండుసార్లు మోసపోయాడు."

"అంటే నా లావు గురించి కాదా?"

"నీ లావేంటమ్మా?" అంది అత్త ఆశ్చర్యంగా. "డ్యూటీలో రోజంతా మనుషుల్ని ఎత్తి పడుకోబెట్టిన దాన్ని. నీది ఒక లావా? మరి ఫ్రిజ్ ఇంత దూరం పెట్టింది నన్ను వంటింట్లోకి రావద్దని కాదా?"

"అయ్యో అత్తయ్యా, నాకు అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు. మీరు రాకపోతే మేమేం తినాలి?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు పెద్దావిడకు నవ్వొచ్చింది. కోడలు బీరువాను పట్టుకుని వంగిపోయి నవ్వింది. నవ్వులు కాస్త తగ్గాక పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది.

"ఏరా, వేలు పెట్టొద్దని నాకు చెప్పావు సరే. ఈ పిల్లకేం చెప్పావు?"

"బాగుందనమన్నారు అత్తయ్యా. ఏం పెట్టినా బాగుందనమన్నారు."

"నేను మంచికే..." అన్నాడాయన.

"నువ్వు మాట్లాడకు," అన్నారు ఇద్దరూ.

అక్కడినుంచి అసలు గొడవ మొదలైంది. ఫ్రిజ్ వంటింట్లో ఉండాలని అత్త, వంటింటి బయట ఉండాలని కోడలు. కిటికీ పక్కనైతే ఎండ తగులుతుందని ఒకరు, తలుపు పక్కనైతే చెయ్యి తగులుతుందని ఒకరు. మధ్యలో ప్లంబరు అభిప్రాయం చెప్పబోతే ఇద్దరూ కలిసి ఆయన్ని పంపించేశారు. పొద్దుటినుంచీ ఇంట్లో లేని ప్రాణం అప్పుడొచ్చింది. మేస్త్రీ, బావమరిది, కూలీలు ఫ్రిజ్‌ను ఇల్లంతా తిప్పారు. ఆ రోజు అది మారడోనా కంటే ఎక్కువ దూరం ప్రయాణించి, చివరికి వంటింటి మూలలో స్థిరపడింది.

సామాన్లన్నీ కుదుటపడే సమయానికి కోడలి ఫోను మోగింది. ఓనరు. మేస్త్రీ తాళ్ళు చుట్టడం ఆపేశాడు.

"ఆ, చెప్పండి," అంది కోడలు. "మేస్త్రీగారా? ఏం చెప్పమంటారండీ. సామాన్లు అమర్చే పద్ధతి ఇలా కూడా ఉంటుందని మాకు తెలీదు. మా అత్తయ్యా నేనూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోవాల్సింది ఒక్క పూటలో మాట్లాడించేశారు. ఎక్కడ ఏది పెడితే మనుషులకి ఏమనిపిస్తుందో ఆయన్ని చూసే తెలుసుకున్నాం."

పెద్దావిడ ఫోను లాక్కుంది. "ఆయన్ని ఏమీ అనకండి. ఎంత ఓపికో. ఒక్కొక్క సామాను గురించి విడమరిచి చెప్పాడు."

మేస్త్రీ మళ్ళీ తాళ్ళు చుట్టడం మొదలుపెట్టాడు. కంప్లైంటు లేదు. లారీ తనదే. మెట్లు దిగుతూ బావమరిది భుజం మీద చెయ్యి వేసి, డెబ్బైలో కొట్టిన ఆ గోలు కూడా ఫర్వాలేదని ఒప్పుకున్నాడు. అంతటి ఉదారస్వభావం ఆయనలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మర్నాడు ఉదయం ఓనరు గోడౌన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ముఖం వెలిగిపోతోంది. పక్కనే కొత్త కుర్చీ, చిన్న బల్ల, పైన ఫ్యాను.

"కూర్చో మేస్త్రీ. ఇన్నాళ్ళూ నిన్ను నేను సరిగ్గా వాడుకోలేదయ్యా. ఆ అమ్మ చెప్తుంటే నాకే సిగ్గేసింది. సామాను ఎవరైనా మోస్తారు. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు దొరకొద్దూ? ఇకనుంచి ఇళ్ళు మారేవాళ్ళందరూ ముందు ఇక్కడికొచ్చి నీ సలహా తీసుకుంటారు. నువ్వు బరువెత్తక్కర్లేదు, మెట్లెక్కక్కర్లేదు. జీతం కూడా పెంచుతున్నా."

"ఓనరుగారూ, నాకు లారీ చాలండి."

"అదిగో, ఆ వినయమే నాకు నచ్చుతుంది. లారీ సంగతి నీ బావమరిది చూసుకుంటాడు. ఇవాళ్టి నుంచి మేస్త్రీ అతనే."

బయట లారీ స్టార్టయింది. బావమరిది కిటికీలోంచి చెయ్యి ఊపి, ఆ రోజు వెళ్ళే ఇంట్లో హాలు చాలా పెద్దదని కేకేసి చెప్పి వెళ్ళిపోయాడు. మేస్త్రీ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపబోయాడు. ఎదురుగా అట్టపెట్టెలు తగిలాయి.

ఆ గోడౌన్‌లో ఇవాళొచ్చి రేపు వెళ్ళిపోని సామాను ఒకే ఒక్కటుంది: ఆ కుర్చీ, అందులో కూర్చున్న మనిషితో సహా.